నాటుపన్నునకు పొగ తెగులు

మాసమాసమును ఈ పత్రికయందు పంటను గూర్చి వ్రాయువారము మేము. ఈ మాసము పంట మాట విడిచి పంటి మాట యెత్తవలసి వచ్చినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సంఘసభ్యులు కొందఱు, ఊడిన పంటికి మాఱుగా దవడ యెముకలో లోహపు మేకు బిగింపించుకొని, దానిపై క్రొత్త పన్ను కట్టించుకొనుచున్నారు. డాక్టర్లు దీనిని ఇంప్లాంటు అందురు. నారు నాటినట్లు నాటునది గావున మేము నాటుపన్ను అనుచున్నాము. ఇట్లు నాటించుకొన్నవారిలో చుట్టయో బీడీయో సిగరెట్టో త్రాగువారు మువ్వురు నలుగురు మా యొద్దకు వచ్చి, చిగురు వాచినదనియు, రాత్రివేళ సలుపుచున్నదనియు చెప్పుకొనిరి. మేము వైద్యులము కాము. అయినను తెగులును గుర్తించి, దాని మూలమును వెదకి, రైతునకు తెలియు మాటలలో చెప్పుట మా వృత్తి. కావున దంతవైద్యుల నడిగి తెలిసికొన్న దానిని, కన్నులార చూచిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఒక రైతు సంగతి. ఇతడు మునగాల వైపు గ్రామమువాడు, పేరు చెప్పము. యాసంగి ధాన్యము అమ్మిన సొమ్ములో కొంత తీసి, క్రింది దవడయందు రెండు పండ్లు నాటించుకొనెను. నాటిన సాయంకాలమే చేని గట్టుమీద కూర్చుండి బీడీ వెలిగించెను. నొప్పి లేదు, నెత్తురు కారుట లేదు. ఇక భయమేల యని తలచెను. నాలుగవ నెలలో పైపన్ను కట్టిరి. రెండేండ్లు జొన్నరొట్టెయు, వేయించిన సెనగలును సుఖముగా నమలెను. తరువాత వానాకాలపు నాట్ల దినములలో ఒక పంటి మొదట చిగురు ఉబ్బెను. నోట చెడు రుచి పుట్టెను. వేలితో నొక్కిన చీము కనబడెను. మందుల దుకాణమునుండి నొప్పి మాత్రలు తెచ్చి, నాట్లు ముగియువఱకు మ్రింగుచు కాలము గడపెను. తుదకు డాక్టరు ఎక్సురే తీసి చూడగా ఆ మేకు చుట్టును ఎముక సగమునకు పైగా కరిగిపోయి యుండెను. దానిని తీసివేయక తప్పలేదు. ఆ మేకును కాగితమున చుట్టుకొని మా యొద్దకు వచ్చి, “నారు సచ్చిపోతె ఇంకో నారు పెడ్తం గద సారూ, దీన్కేం జెయ్యాలె?” అని యడిగెను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఈ వ్యాసము దాని ఫలమే.

నాటుపన్ను కథ చిత్రమైనది. స్వీడను దేశమున బ్రోనెమార్కు అను వైద్యశాస్త్రజ్ఞుడు 1952 ప్రాంతమున, ఎముకలో నెత్తురు పాఱు విధమును పరిశీలించుటకై కుందేలు కాలి యెముకలో టైటానియము అను లోహముతో చేసిన చిన్న గొట్టమును అమర్చెను. పరిశోధన ముగిసిన పిదప ఆ గొట్టమును తీయబోగా రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొని బిగిసిపోయినది. ఇతర లోహములను పరాయివానిగా చూచి త్రోసిపుచ్చు శరీరము టైటానియమును తనదిగా గ్రహించుట ఇట్లు తెలియవచ్చెను. 1965లో గోథెన్‌బర్గు నగరమున ఒక మనుష్యుని దవడలో ఆయన ఈ మేకులను మొదటిసారి నాటెను. ఆ రోగి నలువది యేండ్లకు పైగా వానితోనే భుజించెను. కుందేలు కాలి దగ్గర తటస్థించిన అడ్డంకి నేడు కోదాడ రైతు నోటికి పన్నైనది. మన నాగార్జునసాగరము పునాదిరాయి 1955లోను, కాలువలకు నీరు 1967లోను. ఇంచుమించు ఆ కాలమందే ఈ విద్యయు పుట్టి పెరిగినదని జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఇక సహజమైన పంటికిని నాటుపంటికిని గల భేదమును తెలిసికొనుడు. తెగులంతయు ఈ భేదములోనే యున్నది. పుట్టుపంటి వేరునకును ఎముకకును నడుమ సన్నని పొర యొకటి కలదు. అందలి నారలు ఒకవైపు పంటి వేరులోనికి, ఒకవైపు ఎముకలోనికి చొచ్చుకొని, పంటిని ఊయలవలె పట్టుకొని యుండును. చిగురు నారలును పంటిలోనికి నాటుకొని గట్టిగా పెనవేసికొనును. ఆ పొరనుండి చిగురునకు నెత్తురు కూడ అందును. నాటుపంటికి ఈ పొర లేదు. ఎముక తిన్నగా లోహమునకు అతుక్కొనును. చిగురు నారలు లోహములోనికి చొరలేవు. ఉంగరము వ్రేలిని పట్టినట్లు చుట్టును పట్టియుండునంతే.

చెఱువు కట్టను తలచుకొనుడు. కట్ట యంతయు మట్టియే యైనచో మట్టికి మట్టి కఱచుకొని యుండును. అందులో తూము పెట్టినచోట ఏమగును? నీరు జాలుట మొదలిడినచో తూము అంచు వెంబడినే మొదలిడును. నాటుపన్ను చిగురనెడి కట్టలో పెట్టిన తూము వంటిది. నోటిలోని సూక్ష్మక్రిములు గారతో గూడి ఆ అంచున చేరి, లోపలికి దారి వెదకుచుండును. చిగురు నెత్తుటి బలముతో, అందలి తెల్లకణముల బలముతో వానిని అడ్డుచుండును. ఈ కాపలా సాగినంతకాలము పన్ను నిలుచును. కాపలావానికి అన్నము నీళ్ళు మాన్పించినచో నిలువదు. పొగ చేయు పని అదియే.

పొగాకులోని విషమును మనము ఎఱుగని వారము కాము. పేనుబంకను, తామర పురుగును చంపుటకు పొగాకు కషాయము కాచి పైరుపై చల్లువారము మనమే. ఆ కషాయమున పురుగును చంపునది నికోటిను. బీడీ త్రాగినప్పుడు లోనికి పోవునదియు నికోటినే. అది సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును. ఎడమ కాలువ చివరి భూములవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. పైన తూము దించినచో ప్రధాన కాలువలో నీరు నిండుగా కనబడుచునే యుండును, చివరి పిల్లకాలువ మాత్రము ఎండును. చిగురు, దవడ యెముక మన శరీరమునకు చివరి భూములు. దానికి తోడు పొగలోని కార్బన్ మోనాక్సైడు అను వాయువు నెత్తుటిలో ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటును ఆక్రమించుకొనును. వచ్చిన కొంచెపు నీరును చౌడు నీరైనట్లు అగును. తెల్లకణముల చుఱుకుదనము తగ్గును. గాయమును పూడ్చు క్రొత్త కండ ఆలస్యముగ పుట్టును. ఎముక లోహమునకు అతుకుట మందగించును.

బీడీ చిన్నది గావున హాని చిన్నదని కొందఱి నమ్మకము. అది తప్పు. తునికాకు సులభముగ మండదు. ఆరకుండ నుంచుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందుచే లోనికి పోవు విషము తక్కువ కాదు. చుట్ట పొగ మ్రింగుట లేదుగదా యనువారును ఈ మాటకు చెవి యొగ్గవలయును. పొగ నోటనే నిలుచును, పన్నును నోటనే యున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో కొందఱు స్త్రీలు నిప్పు కొనను నోటిలోనికి త్రిప్పి త్రాగు అడ్డపొగ అలవాటువలన అంగిటి చర్మము చెడి, పుండ్లై, కొందఱికి కాన్సరుగ మాఱుట వైద్యులు చాలకాలము క్రిందటనే కనుగొనిరి. ఖైనీ, జర్దా, గుట్కాలు పొగ లేనివైనను చిగురు నడుమ ఒత్తిపెట్టినచోటనే కండను తినివేయును.

పొగత్రాగువారిలో నాటుపండ్లు చెడిపోవుట త్రాగనివారిలో కంటె సుమారు రెండింతలని పరిశోధనలను సమకూర్చి చూచినవారు చెప్పుచున్నారు. త్రాగువారి కందఱికి చెడునని కాదు. పొరుగూరి ఫలానావాడు రోజుకు రెండు కట్టలు త్రాగుచున్నను పన్ను చెక్కుచెదరలేదని ఎవరైనను చెప్పవచ్చును. విత్తనశుద్ధి చేయని చేనును ఒక్కొక యేడు బాగుగనే పండును. అంతమాత్రమున విత్తనశుద్ధి మానుమని మేము చెప్పుదుమా?

ఇక నొప్పిని గూర్చి. దీనియందే మనవారు ఎక్కువగ మోసపోవుచున్నారు. నాటిన పిదప రెండు మూడు దినములు వాపు పెరుగుట సహజము. తరువాత దినదినమునకు తగ్గవలెను. వారము గడచిన పిదప తగ్గుటకు మాఱు హెచ్చినచో, జ్వరము వచ్చినచో, క్రింది పెదవి తిమ్మిరి వదలనిచో, నమలునపుడు మేకు కదలినట్లు తోచినచో ఆ దినమే డాక్టరును చూడవలెను. నెలలకో యేండ్లకో తరువాత వచ్చు తెగులు వేఱు. అది రెండు మెట్లుగ వచ్చును. మొదటి మెట్టున చిగురు మాత్రము ఎఱ్ఱబారి వాచును. వైద్యులు దీనిని మ్యూకోసైటిసు అందురు. ఇది పైరు ఆకుపై మచ్చ కనబడిన దశ. శుభ్రముచేసి, కారణమును తొలగించినచో పూర్వస్థితి కలుగును. రెండవ మెట్టున తెగులు ఎముకకు దిగును. పెరిఇంప్లాంటైటిసు అని దీనికి పేరు. కరిగిన యెముక తనంత తాను మఱల పెరుగదు. చికిత్స కలదుగాని కష్టము, ఖర్చు, ఫలము సందేహము.

ఈ రెండవ మెట్టు చాలమందికి నొప్పి లేకుండనే వచ్చుట గమనింపదగినది. పుట్టుపంటి చుట్టునున్న పొరలో నొప్పిని తెలుపు నరములు కలవు. మేకు చుట్టు ఆ పొర లేదు. మఱియొక మోసము పొగవలన కలుగును. మంచి చిగురునకు తెగులు సోకినచో పండ్లు తోముకొనునప్పుడు నెత్తురు కనబడును. అది మనకు హెచ్చరిక. పొగత్రాగువాని చిగురున రక్తనాళములు ముడుచుకొని యుండుటచే నెత్తురు కనబడదు. పైకి చిగురు గట్టిగ, లేతరంగున, ఆరోగ్యముగ నున్నట్లే తోచును. మునగాల రైతు నెత్తురు కారలేదని సంతోషించెను గదా! కాండము తొలుచు పురుగు లోన నుండగా పైరు పచ్చగనే యుండి, వెన్ను తీయునప్పుడు తెల్లకంకి బయటపడును. ఇదియు నట్టిదే. కావున నాటుపన్ను గలవారు, ముఖ్యముగ పొగత్రాగువారు, నొప్పి కొఱకు వేచియుండక, డాక్టరు చెప్పిన గడువున, మూడు మాసములకో ఆఱు మాసములకో పరీక్ష చేయించుకొనవలెను. అవసరమైనచో ఎక్సురే తీయించి ఎముక మట్టము చూపించుకొనవలెను.

మన జిల్లావారు ప్రతి పంటి బాధను నీటిమీదికి నెట్టుదురు. ఇందుకు వారిని నిందింపలేము. మఱ్ఱిగూడ వంటి ప్రాంతములలో ఫ్లోరైడు నీటివలన పండ్లు పచ్చబడి, యెముకలు వంగిన తరములను చూచినవారము మనము. సున్నము, పటికలతో ఆ నీటిని శుద్ధిచేయు విధానమునకు నల్లగొండ పద్ధతి యను పేరు లోకమంతట నిలిచినది. కాని దంతములపై ఫ్లోరైడు మచ్చ బాల్యమున, పన్ను చిగురు లోపల తయారగుచుండగనే ఏర్పడును. నలువదేండ్లకు నాటుపంటి చుట్టు చిగురు వాచుట ఆ మచ్చ కాదు. మోకాళ్ళ నొప్పులకై నొప్పి మాత్రలు చిరకాలము మ్రింగు అలవాటు మాత్రము ఆ నీటి కష్టమునుండి మన యిండ్లలో పాతుకొన్నది. ఆ మాత్రలు నొప్పిని కప్పును, క్రిములను చంపవు. దీర్ఘకాలము వాడినచో కడుపును, మూత్రపిండములను చెఱచును. తెగులును చూడక ఆకుపై పచ్చరంగు పూసిన రైతును ఎవరైనను మెచ్చుదురా?

ఇంటి వైద్యములను గూర్చి రెండు మాటలు. సలుపు పంటిలో ముక్కుపొడి గాని, చుట్ట బూడిద గాని పెట్టుట మా చిన్ననాట చూచితిమి. అది విషముపై విషము. లవంగ తైలమును నేరుగ చిగురుపై పోసినచో కాలును. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించుట మంచిదే, కాని నాటిన మొదటి దినమున గట్టిగ పుక్కిలింపరాదు. గాయముపై కట్టిన నెత్తుటి గడ్డ కదలును. పొగ పీల్చునప్పటి ఊపు కూడ ఆ గడ్డను కదల్చగలదు. మేము చదివిన మిషన్ పాఠశాలలో ప్రతి ఉదయము వరుసలో నిలువబెట్టి పండ్లు చూచెడివారు. అది ఎంత చీకాకుగ నుండెడిదో! నేడు తలచుకొనిన, అంత శ్రద్ధ నాటుపన్ను గలవానికి తనంత తానే యుండవలెననిపించుచున్నది. మెత్తని కుంచెతో దినమునకు రెండుమాఱులు, మేకు మొదలుకు చిగురు తగులుచోటును విడువక తోమవలెను. పండ్ల నడుమ సందులకు వేఱు చిన్న కుంచెలు దొరకును. వేపపుల్ల చీలికతోనో, గుండుసూదితోనో ఆ మొదలును గీకరాదు.

నాటించుకొనదలచినవారు డాక్టరుతో నిజము చెప్పవలెను. రెండు కట్టలు త్రాగువారు రెండు బీడీలని చెప్పుట మా యెదుటనే జరిగినది. మధుమేహము గలవారు ఆ సంగతియు దాపరాదు. చక్కెర అదుపులో లేక, పొగయు తోడైనచో ముప్పు పెరుగును. కొందఱు వైద్యులు నాటుటకు కనీసము ఒక వారము ముందు, నాటిన పిదప 8 వారములు పొగ మానవలెనని నియమము పెట్టుదురు. తెలంగాణ సోన అనబడు ఆర్.ఎన్.ఆర్. 15048 వరి 125 దినముల పంట. 8 వారములన అందులో సగము గూడ కాదు. అంతకాలము మానగలిగినవాడు ఆపై మఱల నేల మొదలుపెట్టవలెను? ఎముక అతుకు దినములకే గాక, తరువాతి యేండ్లకును పొగ శత్రువే.

చెప్పుట సులభమని సభ్యులు నవ్వుకొనవచ్చును. మేమును పదునాలుగేండ్లు సిగరెట్టు త్రాగినవారమే. పొలము పోయినచోట రైతు మర్యాదకై ముందు బీడీ చాపును. కాదన్న నొచ్చుకొనునని పుచ్చుకొనెడివారము. ఎకరమునకు యూరియా ఇంతకు మించరాదని బోధించుచు, రెండవ చేత సిగరెట్టు పట్టుకొని యుంటిమి. ఎవరును మమ్ము ప్రశ్నింపలేదు. మానిన తరువాత మొదటి మూడు దినములు మిక్కిలి కఠినము: కోపము, నిద్రలేమి, ఏ పనియందును మనసు నిలువకుండుట. రెండు మూడు వారములకు తగ్గినది. త్రాగవలెనను తహతహ ఒక్కొకమాఱు కొద్ది నిమిషములే యుండును. ఆ నిమిషములలో మంచినీరు త్రాగి మడి చుట్టు ఒకమాఱు నడచి వచ్చెడివారము. సోపు గింజలు జేబున నుంచుకొంటిమి. ఒకమాఱు పెండ్లిలో తప్పితిమి. మఱునాడు మఱల మొదలిడితిమి. సహాయము కోరువారికి 1800 11 2356 అను ఉచిత టెలిఫోను సంఖ్య ప్రభుత్వమువారు నడుపుచున్నారు. నికోటిను బిళ్ళలు, పట్టీలు మున్నగునవి వైద్యుని సలహాపై వాడవలెను. బహిరంగ స్థలములలో పొగత్రాగుట 2008 అక్టోబరు 2 నుండి దేశమంతట నిషిద్ధము. సంఘ కార్యాలయమును ఆ స్థలములలోనిదే. కొనుగోలు కేంద్రములలో గోనెసంచుల గుట్టల నడుమ బీడీ వెలిగించువారికి పంటి మాట యటుంచి, ధాన్యపు మాటయైనను గుర్తుండవలదా?

మునగాల రైతు ప్రశ్న మిగిలియున్నది. నారు చచ్చిన చోట మఱునాడే వేఱు నారు పెట్టవచ్చును. ఇక్కడ అట్లు కాదు. ఆ గుంత మానవలెను. ఎముక చాలనిచో వేఱుచోటి యెముకనో, తయారైన ఎముక పొడినో నింపి నెలల తరబడి వేచియుండవలెను. ఆ పిమ్మటనే మఱల నాటుట. దానికి మఱల సొమ్ము. అతనికి డాక్టరు ఇంకను తేదీ ఈయలేదు. ముందు బీడీ మానుమనిరి. మిగిలిన రెండవ పంటి చుట్టును తెగులు మొదటి మెట్టుననే పట్టుబడినది. మూడు మాసములకొకమాఱు శుభ్రము చేయించుచున్నాడు. గత మాసము పరీక్షకు పోవునప్పుడు మమ్మును తోడు రమ్మనెను. ఎక్సురేలో ఎముక మట్టము ముందున్నచోటనే యున్నది. బయటికి వచ్చి, అలవాటున చొక్కా జేబు తడవుకొని, అందు బీడీ కట్ట లేకపోగా, మా వైపు చూచి, “సోపు గింజలు ఉన్నయా సారూ?” అని చేయి చాపెను.